పిల్లి పట్టిన పెట్ట: వీపు చీలింది, తోక కింద ఈకలు అట్టకట్టాయి, స్నానం చేయించొచ్చా?

నాగారం_పెరడు
రాత్రి పిల్లి గూట్లో దూరి మా పెట్టని వీపు మీద పట్టింది, అరుపులు విని మా ఆయన కర్ర తీసుకుని వెళ్తే వదిలేసి గోడ దూకేసింది. పొద్దున చూస్తే రెక్కల మధ్య చర్మం నా చూపుడువేలంత పొడుగున చీలి ఉంది, లోపల కండ కనిపిస్తోంది, రక్తం మాత్రం ఆగింది. మూలకి నక్కి కళ్లు మూసుకుని కూర్చుంది, మేత ముట్టట్లేదు. దానికి తోడు తోక కింద ఈకలన్నీ రెట్టతో అట్టకట్టుకుపోయాయి, ఇది దెబ్బ తగలక ముందు నుంచే ఉంది, మిగతా కోళ్లకి కూడా కొంచెం కొంచెం ఉంది. మా అత్తగారు పసుపు, నూనె కలిపి పూసేయమంటున్నారు, పక్కింటావిడేమో షాంపూ పెట్టి శుభ్రంగా స్నానం చేయిస్తే మురికీ పోతుంది పుండూ కడిగినట్టవుతుంది అంటోంది. దగ్గర్లో కుక్కల క్లినిక్‌కి ఫోన్ చేస్తే కోళ్లని మేం చూడం అన్నారు, పైగా ఫోనెత్తినాయన "దానికి ఖర్చెందుకమ్మా, కూర వండుకోండి" అన్నాడు. మా పాప చేతుల్లో పెరిగిన పెట్ట అది. కూర సలహాలు దయచేసి వద్దు. ముందు ఏం చేయాలి?

ఘట్‌కేసర్_బాలన్న
ముందుగాల దాన్ని మిగతా కోళ్లల్లకెళ్లి తీసి అలగ్ పెట్టు చెల్లె. ఎర్రగ కండ కనవడ్డదంటె సాలు పక్క కోళ్లు పొడుస్తనే ఉంటయ్, ఏండ్ల సంది ఒక్క గంప కింద పెరిగినయ్ అయినా ఆగయ్. పిల్లి చేసిన పుండు కన్నా అవి చేసే పుండు పెద్దగైతది. స్నానం సంగతి తర్వాత.

కేపీహెచ్‌బీ_కుర్రోడు
బాలన్న చెప్పింది కరెక్ట్. ఇంకోటి, ఆ పిల్లి ఈ రాత్రి మళ్లీ వస్తుంది, రాసిపెట్టుకోండి. గూడు జాలీ ఎక్కడ వదులైందో చీకటి పడేలోపు చూసుకోండి.

రాజేంద్రనగర్_వెట్
వెటర్నరీ ఫైనలియర్ చదువుతున్నా. మీ పోస్టులో చీలిక కన్నా "కళ్లు మూసుకుని మూలకి నక్కింది" అన్న మాటకే నాకు భయమేసింది. అది షాక్. దెబ్బకి తట్టుకున్న కోడి కూడా షాక్‌తో, చలితో పోతుంది. అట్టపెట్టెకి గాలాడేలా చిల్లులు పెట్టి పాత టవల్ పరిచి, సందడి లేని చీకటి గదిలో పెట్టండి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, అందుకని మన చేతికి వెచ్చగా తగిలితే బానే ఉందిలే అనుకోవద్దు. ఈ జనవరి చలికి వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టెకి ఒక పక్కనే పెట్టండి, వేడెక్కువైతే అదే రెండో పక్కకి జరుగుతుంది. నీళ్లలో ఓఆర్‌ఎస్ కలిపి ముందు పెట్టండి, నోరు తెరిచి మాత్రం పోయొద్దు, కోడికి ఊపిరి గొట్టం రంధ్రం నాలుక వెనకే ఉంటుంది, పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు అంచు మీద వేలితో చుక్క పెడితే అదే మింగుతుంది.

కాస్త తేరుకున్నాక పుండు సంగతి. చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించండి, పీకొద్దు. కొత్తగా వస్తున్న ఈకల కాడలో రక్తం ఉంటుంది, పీకితే ఇంకో గాయం. మెడికల్ షాపులో దొరికే సెలైన్ సీసా తెచ్చి ధారగా పోస్తూ కడగండి, లేదంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు చెంచాన్నర. తర్వాత బెటాడిన్ నీళ్లలో లేత టీ రంగు వచ్చేదాకా పలచన చేసి వేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, నురుగొస్తుంటే శుభ్రమవుతున్నట్టే ఉంటుంది కానీ కొత్తగా పుట్టే కండని కూడా తినేస్తుంది.

పైకి కనిపించే చీలిక ఒక్కటే అనుకోకండి. పిల్లి కోరలు సన్నం, పైన చిన్న చిల్లు, లోపల లోతు. ఈకలు తడిపి పక్కకి తీసి రెక్కల కింద, తొడల లోపల, మెడ దగ్గర వెతకండి. ఎక్కడైనా చర్మం గాలితో ఉబ్బితే లోపల గాలితిత్తి చిరిగి ఉండొచ్చు. రొమ్ము పైన మేతసంచి దగ్గర పుండులోంచి గింజలో నీళ్లో బయటికొస్తే అది ఇంట్లో అయ్యే పని కాదు.

బరిపుంజు_భీమవరం
ఇంత హడావిడి ఎందుకండి బాబు. మా వైపు పుంజులకి కత్తి దెబ్బ ఎంత లోతుగా తగిలినా మావాళ్లు అక్కడికక్కడే సూదీ దారంతో కుట్టేసి పసుపూ వేపనూనే దట్టించేత్తారు, తర్వాత ఉడికించిన గుడ్డు, బాదం పెడితే లేచి తిరిగేత్తది. పెట్టకి వీపు చీలితే అదేమంత దెబ్బ కాదండి.

అల్వాల్_మేడతోట
లేచి తిరిగినవే మీకు గుర్తుంటాయి, లేవనివి ఏమయ్యాయో కూడా చెప్పాలి కదండి. అసలు కోడికి కత్తి కట్టడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారమే నేరం. అక్కడి వైద్యాన్ని తెచ్చి ఇక్కడ గొప్పగా చెప్పడం నాకు నచ్చలేదు.

బరిపుంజు_భీమవరం
నేను వైద్యం గురించి చెప్పానండి, పందెం గురించి కాదు.

మోడరేటర్
పందేల మీద ఏటా సంక్రాంతికి వేరే చర్చ నడుస్తుంది, ఈసారిదీ తెరిచే ఉంది. అది అక్కడ మాట్లాడుకోండి, ఇక్కడ పెట్ట సంగతి చూద్దాం.

రాజేంద్రనగర్_వెట్
@బరిపుంజు_భీమవరం కత్తి దెబ్బకీ పిల్లి కాటుకీ చాలా తేడా ఉందన్నా. కత్తి కోత అంచులు శుభ్రంగా ఉంటాయి, వెంటనే కుడితే కొన్నిసార్లు అతుక్కుంటాయి. కోరతో పడ్డ చిల్లు కుడితే లోపలికి పోయిన క్రిములని లోపలే పెట్టి తలుపేసినట్టు, రెండు మూడు రోజుల్లో చీము. నూనెలో కలిపిన పసుపు లోతు పుండుకి అందుకే వద్దంటున్నా, పైన పెచ్చు కట్టేస్తుంది, అడుగున ఏమవుతుందో కనపడదు. పైగా నూనె ఈకలకి పట్టిందంటే దుమ్మంతా అంటుకుంటుంది, ఒంటి వేడి నిలవదు.

ఘట్‌కేసర్_బాలన్న
బిడ్డా నువ్వు సదువుకున్నవ్, కాదంటలేను. కానీ మా నాయిన కాలం నుంచి పసుపు పెట్టే బాగుజేసినం, ఎన్ని కోళ్లు బతికినయో లెక్కలేదు.

రాజేంద్రనగర్_వెట్
బతుకుతాయి తాతా, కోడి చర్మానికి మానే గుణం చాలా ఎక్కువ, పెద్ద చీలికలు కూడా కుట్టు లేకుండా అడుగు నుంచి కండ పూరి మూసుకుంటాయి. పై పై గీతలకి పసుపు పెడితే నేనేం అనను. కాటుకి మాత్రం వద్దు.

నాగారం_పెరడు
అందరికీ థాంక్స్. పెట్టెలో పెట్టాను, వేలితో చుక్క పెడితే నిజంగానే తాగుతోంది. ఈకలు తడిపి వెతికితే ఎడమ రెక్క కింద సన్నవి రెండు చిల్లులు కనిపించాయి, చుట్టూ కమిలి నీలంగా ఉంది. ఇవి పొద్దున అసలు కనపడలేదు. ఇంట్లో నొప్పి మాత్రలు ఉన్నాయి, నొప్పి తగ్గడానికి కొంచెం పొడి చేసి ఇవ్వొచ్చా?

పాతబస్తీ_కబూతర్
అక్కా మాత్ర ఇవ్వకు, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకపో. నేను పావురాలు పెంచుత, పిల్లి కాటంటే ఏందో మాకు మంచిగ ఎరుక. పిల్లి నోట్ల పాశ్చురెల్లా అని ఒక క్రిమి ఉంటది, అది పక్షి నెత్తుర్ల కలిసిందంటె మంచిగ తిరుగుతున్న పావురం తెల్లారేసరికి పడిపోయి ఉంటది. పైకి ఏం తెల్వదు. కుక్క కరిస్తె ఒకటి రెండు గంటలు ఆలోచించుకుంటం గాని పిల్లి కరిస్తె ఆలోచన లేదు, అదే రోజు యాంటీబయోటిక్ పడాలె. నారాయణగూడల సర్కారు సూపర్ స్పెషాలిటీ పశువుల దవాఖాన ఉంది, మా పావురాలని అక్కడికే తీసుకపోతం.

రాజేంద్రనగర్_వెట్
పూర్తిగా కరెక్ట్ భాయ్. రాజేంద్రనగర్‌లో మా వెటర్నరీ కాలేజీ హాస్పిటల్ కూడా ఉంది, కాకపోతే నాగారం నుంచి నారాయణగూడే దగ్గర. ఊళ్లలో ఉన్నవాళ్లయితే 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెప్తారు. నొప్పి మాత్రల విషయం అందరూ గుర్తు పెట్టుకోండి: డైక్లోఫెనాక్ అసలు వద్దు. మన దేశంలో రాబందులు అంతరించే దాకా వెళ్లింది ఆ మందు వల్లే, పశువులకి వాడటం 2006లోనే నిషేధించారు, కోళ్లకి కూడా కిడ్నీలు దెబ్బతీస్తుంది. నొప్పికి ఏది ఎంత అనేది బరువు చూసి డాక్టరే చెప్పాలి.

కేపీహెచ్‌బీ_కుర్రోడు
ఆటోలో తీసుకెళ్లేటప్పుడు పెట్టె మీద పల్చటి గుడ్డ కప్పండి, చీకటిగా ఉంటే కదలకుండా కూర్చుంటుంది. మేం మా కోడిని తీసుకెళ్లినప్పుడైతే ఆటో అన్న దారంతా "కోడి ఎట్లుంది, కోడి ఎట్లుంది" అని అడుగుతూనే ఉన్నాడు :)

నాగారం_పెరడు
చూపించుకుని వచ్చాం. చిల్లులు ఇంకా లోపలికి కడిగి ఇంజెక్షన్ ఇచ్చారు, కుట్లు వేయలేదు, తెరిచే ఉంచమన్నారు, మందు రాసిచ్చారు. సాయంత్రానికి నానబెట్టిన నూకలు కొంచెం తిన్నది. మందు వాడినన్నాళ్లూ, ఆపాక కూడా కొన్నాళ్లు గుడ్లు తినొద్దన్నారు, అది అవసరమా? దెబ్బ తర్వాత గుడ్డే పెట్టలేదు అనుకోండి.

రాజేంద్రనగర్_వెట్
అవసరమే. మందు గుడ్డులోకి వస్తుంది, ఎన్నాళ్లు అనేది మందుని బట్టి ఉంటుంది, ఆయన చెప్పిన లెక్కే పాటించండి. ఆ గుడ్లు మిగతా కోళ్లకి కూడా పెట్టొద్దు. గుడ్డు ఆగిపోవడం మామూలే, ఒంట్లో ప్రోటీన్ అంతా పుండు మానడానికి పోతుంది.

అల్వాల్_మేడతోట
ఇక ఈకల సంగతికి వద్దాం, దాన్ని అందరూ వదిలేశారు. పుండు మానేదాకా స్నానం వద్దు, అది సరే. కానీ స్నానమే తప్పన్నట్టు మాట్లాడతారు చాలామంది, నాకు తెల్ల లెగ్‌హార్న్ జాతి కోళ్లు ఉన్నాయి, అవసరమైనప్పుడు చేయిస్తూనే ఉంటాను. ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం, గోరువెచ్చటి నీళ్లు టబ్బులో సగం, చిన్నపిల్లల షాంపూ కొద్దిగా. తల తడవకూడదు. ఈకలు పెరిగిన వైపుకే చేయి జార్చాలి, ఎదురు రుద్దితే విరుగుతాయి. ఇంకో రెండు సార్లు మంచినీళ్లలో ముంచి తీసి, టవల్‌తో అద్ది, అడుగు ఈకలు ఆరేదాకా వదలకూడదు. పై ఈకలు ఆరిపోయినట్టు కనిపిస్తాయి, వేలు పెట్టి చూస్తే లోపల నూగు తడిగానే ఉంటుంది, అక్కడే చలి పట్టేది.

ఘట్‌కేసర్_బాలన్న
కోడికి నీళ్ల స్నానం ఏందమ్మా. కోడికి మట్టే సబ్బు. మా కోళ్లు చెట్టు కింద గుంత దీసుకుని పొర్లుతయ్, దులుపుకుని లేస్తె ఈకలు తళతళ.

రాజేంద్రనగర్_వెట్
ఇద్దరిదీ నిజమే, కానీ రోజూ పనికొచ్చేది తాత చెప్పింది. కోడికి తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది, ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకి పూసుకుంటుంది. పాతబడ్డ నూనెని, చుండుని పొడి మట్టి పీల్చేస్తుంది, దులుపుకుంటే పేలు కూడా రాలతాయి. షాంపూ పెడితే కొత్త నూనె కూడా పోతుంది. కాబట్టి మాటిమాటికీ వద్దు. తోక కింద ఒక్కటే మురికైతే ఆ ఒక్క చోటే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక తీయండి, రాకపోతే ఈక కొస కత్తిరించండి. ఎండినదాన్ని లాగితే చర్మం ఊడొస్తుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. కోడి ఆరోగ్యంగా ఉంటే అక్కడ అట్టకట్టదు. @నాగారం_పెరడు మీ కోళ్లన్నిటికీ ఉంది అన్నారు, ఏం పెడుతున్నారు?

నాగారం_పెరడు
తవుడు, నూకలు, జొన్నలు. ఆదివారం సోమవారం మాత్రం మా సందులో అందరూ మిగిలిన బిర్యానీ తెచ్చి పోస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. అవి ఎగబడి తింటాయి.

రాజేంద్రనగర్_వెట్
దొరికింది. బిర్యానీలో ఉప్పు, నూనె, మసాలా. ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్లు తెగ తాగుతుంది, రెట్ట నీళ్లలా పడుతుంది, అదే ఈకలకి అంటి ఎండుతుంది. మరీ ఎక్కువైతే ఉప్పే విషం. ముందు అది ఆపండి. ఆపాక కూడా తగ్గకపోతే రెట్ట కొంచెం డబ్బాలో వేసుకుని డాక్టర్‌కి చూపించండి, కడుపులో పురుగులు ఉన్నాయేమో తెలుస్తుంది.

పాతబస్తీ_కబూతర్
బిర్యానీ మనిషికే అరగదు అర్ధరాత్రి తింటె, కోడికి ఏం అరుగుతది :)

అల్వాల్_మేడతోట
ఒకటి ఒప్పుకుంటా, మేడ మీద సిమెంటు నేల కాబట్టే నాకు టబ్బు అవసరం పడింది. పాత టైరు తెచ్చి దాంట్లో ఎర్రమట్టి, ఇసుక, కట్టెల బూడిద, ఎండిన వేపాకు పొడి కలిపి జానెడు లోతు పోశాక స్నానాలు చాలా తగ్గాయి.

బరిపుంజు_భీమవరం
బూడిద తడవకుండా చూసుకోండి అమ్మా. తడిసిన బూడిద చర్మాన్ని కాల్చేత్తది. అలాగే సున్నం, సిమెంటు పొడి కలపకండి, కళ్లకి పడుద్ది. కొందరు గమాక్సిన్ పొడి చల్లుతారు పేలకి, అది నిషేధించిన మందు, ఇంట్లో పిల్లలున్నచోట అసలు వద్దు.

అల్వాల్_మేడతోట
ఇది మంచి మాట చెప్పారు, థాంక్సండి.

బాలానగర్_షెడ్డు
నీళ్ల స్నానం తప్పనిసరి అయ్యే కేసు నా దగ్గర ఉంది. మా షెడ్డులో కాలిన ఇంజిన్ ఆయిల్ ట్రేలో పక్కింటి కోడి పడింది, మెడ దాకా నల్లగా అయిపోయింది. అది ముక్కుతో ఈకలు సర్దుకుంటూ ఆయిల్ మింగేస్తుందని ముందు గుడ్డలో చుట్టి పట్టుకున్నాం. మైదా చల్లి పీల్చినంత పీల్చనిచ్చి దులిపి, గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో వేసి కడిగాం, నీళ్లు మారుస్తూ నల్లటిది రావడం ఆగేదాకా. ఒక్కసారికి పోలేదు, మధ్యలో ఆపి వెచ్చగా పెట్టి మర్నాడు మళ్లీ కడిగాం. బతికింది.

కేపీహెచ్‌బీ_కుర్రోడు
ఎలుకల బంక అట్టకి కోడిపిల్ల అతుక్కుంటే కూడా ఇదే పద్ధతి బ్రో, కాకపోతే ముందు వంటనూనె వేలితో రాస్తూ మెల్లగా విడదీయాలి, లాగకూడదు, తర్వాత మైదా, తర్వాత లిక్విడ్. ఆ అట్టలు కోళ్లున్న ఇంట్లో పెట్టొద్దు.

ఘట్‌కేసర్_బాలన్న
పండుగ దినాలు గదా, అందరు కోళ్ల కాళ్లు సూడుండ్రి. పతంగుల మాంజా కాళ్లకు సుట్టుకుంటది, కోడి నడుస్తుంటె ఇంకింత బిగుసుకుంటది, పైకి కనవడదు. వేలు వాసి నల్లగైనంక సూస్తె వేలే పోతది.

రాజేంద్రనగర్_వెట్
నైలాన్ మాంజాని గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా ప్రతి సంక్రాంతికీ మా హాస్పిటల్‌కి మాంజా కోసిన పక్షులు వస్తూనే ఉన్నాయి. దారం కండలోకి దిగిపోతే లాగొద్దు, ఉబ్బిన కాలిని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు పెట్టి, చిన్న కత్తెర మొనతో ఒక్కొక్క చుట్టూ కోసి తీయాలి. అన్ని చుట్లూ వచ్చాయా అని భూతద్దం పెట్టి చూడండి, ఒక్కటి మిగిలినా మళ్లీ వాస్తుంది.

నాచారం_కొత్తకోళ్లు
మధ్యలో దూరుతున్నా. మాదాని తోక కింద పుండు, మురికి రెండూ ఉన్నాయి, ఇవాళ చూస్తే తెల్ల పురుగులు కదులుతున్నాయి!! కర్పూరం కొబ్బరినూనెలో కలిపి వేయమంటున్నారు.

రాజేంద్రనగర్_వెట్
ఇప్పుడే లేవండి. ఈగ గుడ్లు పెట్టిన ఒక్క రోజులోనే పురుగులు బయటికొస్తాయి, తర్వాత గంటగంటకీ లోపలికి తవ్వుకుంటూ పోతాయి. చుట్టూ ఈకలన్నీ కత్తిరించండి, సెలైన్ ధారగా పోస్తూ పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరండి. కర్పూరం వద్దు, కోడి ముక్కుతో సర్దుకునేటప్పుడు మింగుతుంది. ఏరాక ఈగ వాలకుండా పశువుల మందుల షాపులో దొరికే టాపిక్యూర్ లాంటి స్ప్రే చుట్టూ కొట్టండి, ఈగలు లేని గదిలో పెట్టండి, ఈరోజే డాక్టర్‌కి చూపించండి. లోపల ఇంకా ఉండొచ్చు.

నాచారం_కొత్తకోళ్లు
ఏరుతున్నాం. మా ఆయన టార్చి పట్టుకున్నాడు. బయల్దేరుతున్నాం.

నాగారం_పెరడు
@నాచారం_కొత్తకోళ్లు నారాయణగూడ వెళ్తుంటే పొద్దున్నే వెళ్లండి, జనం తక్కువ. మాది ఇప్పుడు లేచి తిరుగుతోంది, వీపు మీద గులాబీ రంగు కండ నిండుగా వచ్చింది, అంచుల నుంచి చర్మం మూసుకుంటోంది. మిగతావాటితో ఎప్పుడు కలపొచ్చు?

ఘట్‌కేసర్_బాలన్న
ఎర్రదనం మొత్తం పోయి ఈకలు మొలిచినంక. అప్పటిదాక జాలీకి ఈ పక్క అది, ఆ పక్క మిగతావి, ఒకదాన్నొకటి సూస్తుండాలె. మొత్తం కనవడకుండ పెడితివా, కలిపిననాడు కొత్తకోడి వచ్చిందని తంతయ్. కలిపేది కూడ రాత్రి పూట, అన్ని ఎక్కి కూసున్నంక దాని పక్కల కూసోబెట్టు. పుంజు ఉన్నదా?

నాగారం_పెరడు
ఒకటుంది. మూడు పెట్టలకి.

బరిపుంజు_భీమవరం
అయితే దాన్ని వేరే పెట్టండి అమ్మా. ఒక పుంజుకి ఎనిమిది పది పెట్టలన్నా ఉండాలి. మూడే ఉంటే రోజంతా ఎక్కుతానే ఉంటది, వీపు ఈకలు ఊడేది అందుకే, కొత్త చర్మం గోళ్లకి మళ్లీ చీలిపోద్ది. తప్పదంటే పెట్ట వీపుకి మందపాటి గుడ్డ కుట్టి రెక్కల కింద నుంచి ఎలాస్టిక్ తొడగండి. మా అమ్మ పాత జీన్ ప్యాంటు కోసి కుట్టేది.

అల్వాల్_మేడతోట
ఎలాస్టిక్ బిగుతుగా ఉండకూడదు, అడుగున వేలు దూరాలి. సాయంత్రం తీసి చూడండి, లోపల చెమ్మ ఉంటే పేలు అక్కడే చేరతాయి.

నాచారం_కొత్తకోళ్లు
చూపించాం. లోపల ఇంకా ఉన్నాయట, తీశారు, ఇంజెక్షన్ ఇచ్చారు. బతుకుతుందన్నారు. మీకందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఇంకో డౌట్, మాదీ సిమెంటు నేలే, టైరులో మట్టి పెడతాను కానీ వానాకాలం ఏం చేయాలి, అంతా తడుస్తుంది కదా?

అల్వాల్_మేడతోట
రేకు కింద, గోడ మూలకి పెట్టండి, జల్లు వచ్చే వైపు గోనెపట్టా వేలాడదీయండి. ఎండ కాసే రోజుల్లోనే రెండు బస్తాల మట్టి ఎండబెట్టి మూతి కట్టి దాచుకోండి, వానల్లో తడిసిందంటే తీసేసి కొత్తది పోయడమే. గూట్లో ఊక కూడా రోజూ కలియదిప్పాలి, ముద్దకట్టిన చోట తీసి పారేయాలి. నేల పొడిగా ఉంటే ఈకలు వాటంతట అవే బాగుంటాయి.

నాచారం_కొత్తకోళ్లు
టైరు ఎక్కడ దొరుకుతుంది?

బాలానగర్_షెడ్డు
పంక్చర్ షాపులో అడగండి, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. కారుది చాలు, రెండు కోళ్లు ఒకేసారి పడతాయి. లోపల అంచున ఇనప తీగలు బయటికి తేలనిది చూసి తీసుకోండి, కాళ్లకి గుచ్చుకుంటాయి.